రాజుగారి కప్పులు ఉడకబెట్టిన రోజు

రండి, రండి, దగ్గరికి జరగండి. ఆ మెట్ల మీద కూర్చున్నోళ్ళు ఒక మెట్టు కిందికి దిగండి, వెనకాలున్నోళ్ళకి నా మొహం కనబడాలి. కథలో సగం నా మొహంలోనే ఉంటది. ఒసేయ్ అమ్మాయ్, ఆ బఠానీలు ఒలవడం ఆపవే, ఆ టకటకలో నా మాట నాకే వినపడ్డం లేదు. అయ్యా పెద్దాయనా, దగ్గు వస్తే ఇప్పుడే దగ్గేయండి, మధ్యలో వద్దు. బాల్కనీల్లో ఉన్నోళ్ళూ, మీ బుట్టలు పైకి లాక్కోండి, తాళ్ళు నా మెడకి చుట్టుకుంటన్నాయి. అయిందా? ఇహ నోళ్ళు మూసి చెవులు తెరవండి.

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైతే రేపటినుంచి నా నూనె మూకుట్లో పిజ్జా ఉబ్బకుండా పోనీ.

ఈ సానితా పేటలో, ఇదే మన దీపం లేని సందులో, ఇదిగో నేను వీపు ఆనించిన ఈ మేడలోనే నాలుగో అంతస్తులో ఆస్ప్రేనో గారని ఒకాయన ఉండేవాడు. చేతి తొడుగులకి తోలు కత్తిరించే పని ఆయనది. మనిషి సన్నం. ఎంత సన్నమంటే, సముద్రం వైపు నుంచి గాలి లేచిన రోజున వాళ్ళావిడ ఆయన జేబుల్లో బంగాళాదుంపలు వేసిగానీ బయటికి పంపేది కాదు. చదువంటారా, నాకున్నంత. అంటే ఏం లేదు. ఆస్తి అంటే ఒక మంచం, ఒక కత్తెర, ఒక పెళ్ళాం. మరి అలాంటోడికి సందంతా 'గారు' ఎందుకు తగిలించిందంటే, కప్పుల వల్ల. ఆరు కాఫీ కప్పులు. రాజుగారి కార్ఖానాలో చేసినవి.

మీకు తెలుసుగా, వెనకటికి కార్లో అనే రాజుగారు మన కాపోదిమోంతె కొండ మీద, తన కోట పక్కనే పింగాణీ కార్ఖానా పెట్టించాడు. దాన్ని కన్నకొడుకు కన్నా గారాబంగా చూసుకున్నాడు. తర్వాత ఆయనకి స్పెయిన్ రాజ్యం తగిలింది. ఇంకేముంది, అద్దిల్లు ఖాళీ చేసేవాడు గోడకున్న మేకులు కూడా పీక్కుపోయినట్టు, ఆ కార్ఖానాని, అందులో పనోళ్ళని, ఆఖరికి మట్టిని కూడా ఓడలకెక్కించి పట్టుకుపోయాడు. పెద్ద మనసు ఆయనది. మనకి కొండ వదిలేశాడు. ఓడలో పట్టలేదు మరి.

అలా పోయిన వాటిలో పోకుండా మిగిలిన ఆరు కప్పులు మా ఆస్ప్రేనో గారింట్లో ఉన్నాయి. ఎలా వచ్చాయంటే, ఆయన తాతలకి తాత ఒకాయన ఆ కార్ఖానాలో ఉండేవాడట. నా చిన్నతనంలో విన్నప్పుడు ఆ తాత కొలిమికి కట్టెలు మోసేవాడు. నాకు పెళ్ళయ్యేసరికి కప్పుల మీద బొమ్మలేసేవాడయ్యాడు. నాకు ముందు పళ్ళూడేసరికి, రాణీగారు అలిగితే రాజుగారు పరిగెత్తుకొచ్చి సలహా అడిగేది ఆయన్నే. మనలాంటోళ్ళం బతికుండి కూడా ఎదగలేకపోతున్నాం గానీ, ఆ తాత పోయాక కూడా ఏడాదికో మెట్టు ఎక్కుతానే ఉన్నాడు.

కప్పుల సంగతి మాత్రం ఒప్పుకోవాలి. తెల్లగా, పల్చగా, ఎత్తి వెలుతురుకి పెడితే అవతల నిలబడినోడి పాపాలు కూడా కనబడేవి. పైన గొర్రెలు కాసే పిల్లల బొమ్మలు. ఆ గొర్రెలు మా సందులో మనుషుల కన్నా శుభ్రంగా ఉండేవి. బోర్లిస్తే అడుగున నీలం రంగులో లిల్లీ పువ్వు గుర్తు. అద్దాల బీరువాలో పెట్టి, దానికి తాళం వేసి, ఆ తాళంచెవి ఆయన మెళ్ళో శిలువ పక్కన వేసుకునేవాడు. ఆ రెంటిలో దేనికి ముందు దండం పెడతాడో నాకెప్పుడూ తెలీలేదు.

ఆదివారం పూజవ్వగానే సందంతా ఆయనింటికి మెట్లెక్కేది. ఆయన తోలు తొడుగులు వేసుకుని బీరువా తెరిచి, "చూడండి, ఊపిరి పీల్చుకోండి గానీ వదలకండి" అనేవాడు. జనం మొహాలు ఎర్రబడేదాకా ఊపిరి బిగబట్టి, చూసి, కిందికొచ్చి నా బండి దగ్గర ఆయాసపడుతూ పిజ్జాలు తినేవాళ్ళు. నాకేం, నాకూ బేరమేగా.

ఆ కప్పుల్లో ఎవ్వరూ ఏనాడూ కాఫీ తాగలేదు. వాళ్ళావిడ కాండిదమ్మ కూడా తాగలేదు. పాపం, పెళ్ళైన కాణ్ణుంచీ ప్రతి శనివారం వాటికి దుమ్ము తుడిచేది, "ఒక్కసారి, ఒక్క గుక్క, అందులో తాగి చూస్తానండీ" అని అడిగేది. "రాణీగారి మూతి తగిలిన కప్పులే అవి, నీ మూతి ఎందుకే?" అనేవాడు ఆయన. ఆ కాండిదమ్మ కాఫీ ఎలాంటిదనుకున్నారు! ఒకసారి మా మేనమామ పోతే ఇంటికి కాఫీ తెచ్చి పోసింది. వాసన తగిలి శవం చెయ్యి చాపిందంటే నమ్మండి. చక్కెర సరిపోయిందా లేదా అని మాత్రం అడగలేదు, పోయినోళ్ళకి కూడా కొంచెం మర్యాద ఉంటది.

కప్పుల పుణ్యమా అని ఆస్ప్రేనో గారికి మంగలి షాపులో మొదటి కుర్చీ. చేపలావిడ దగ్గర మొదటి చేప. ఇవన్నీ ఒకెత్తు, ఏటా మన విన్చెంజో స్వామి ఊరేగింపులో పల్లకి ముందు బొంగు ఒక్కటీ ఒకెత్తు. ముందు బొంగు పట్టుకునేది సందులో అందరికన్నా గౌరవస్థుడే. అది ఆయనదే. ఆయన దాన్ని మోసేవాడు కాదు, దానికి వేలాడేవాడు. పల్లకి లేస్తే ఆయన కాళ్ళు కూడా లేచేవి. అయినా ఏంటి, అందరికన్నా ముందు వేలాడేవాడు.

వెనక బొంగు మోసేది గౌదియోజో. మీకు తెలుసుగా, నిమ్మకాయ పిండి, ఉప్పు జల్లి ఉడికించిన పేగులమ్మేవాడు. మెడ ఎద్దు మెడ. స్వామినీ పల్లకినీ మోస్తున్న మిగతావాళ్ళనీ కలిపి చంకనేసుకుని పోగల మనిషి. ఏళ్ళ తరబడి వాడు వెనక నుంచి చూసేది ఏంటంటే, గాల్లో ఊగుతున్న ఆస్ప్రేనో గారి బూట్లు. ఎంతకాలమని చూస్తాడు?

ఒక ఆదివారం బీరువా ముందు జనమంతా ఊపిరి బిగబట్టి నిలబడినప్పుడు, ఈ గౌదియోజో ఉఫ్ మని ఊపిరి వదిలాడు.

"ఇలాంటివే స్టేషన్ దగ్గర బండి మీద చూశా" అన్నాడు. "అడిగితే అడుగున లిల్లీ పువ్వు ఒకటికి రెండేసి ఇస్తన్నారు."

ఆస్ప్రేనో గారు బీరువా మీద చెయ్యేసి నిలదొక్కుకున్నాడు. "ఏం కూశావురా పేగులోడా? ఇవి రాజుగారివి!"

"రాజుగారొచ్చి చెప్పాడా?"

"మా తాతల తాత చెప్పాడు!"

"ఆయన ఈ మధ్య పెద్ద హోదాలో ఉన్నాడట కదా, మాలాంటోళ్ళతో మాట్లాడతాడో లేదో."

ఇద్దరూ కొట్టుకునేదాకా వచ్చింది. కొట్టుకోవడమంటే గౌదియోజో తుమ్మితే చాలు, ఇహ ఆస్ప్రేనో గారు లేనట్టే. ఆఖరికి గుడి ఫాదరు గారు మధ్యలో పడి తీర్పు చెప్పాడు. "స్వామి ఊరేగింపు లోపల తేల్చండి. అసలువైతే గౌదియోజో అందరి ముందూ టోపీ తీసి క్షమాపణ అడుగుతాడు. నకిలీవైతే గారు లేదు, ముందు బొంగు లేదు. ఉత్త ఆస్ప్రేనో."

ఉత్త ఆస్ప్రేనో! ఆ మాట విన్నాక ఆయనకి అన్నం దిగలేదు. అసలే సన్నం, ఇంకా ఎండిపోయాడు. పక్క నుంచి చూస్తే కనపడ్డం మానేశాడు. కాండిదమ్మ ఆయన్ని వెతుక్కోడానికి మెళ్ళో చిన్న గంట కట్టిందని అంటారు గానీ, అది నేను చూళ్ళేదు, చూడనిది నేను చెప్పను.

సరే, ఊరేగింపుకి ముందురోజు పొద్దున్నే ఒక పండితుణ్ణి పిలిపించారు. ప్రొఫెసర్ ఇంపరాటో గారు. పాత పింగాణీ గురించి ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదట. నల్ల కోటు, మెళ్ళో భూతద్దం, లేత పసుపు ప్యాంటు. ఆ ప్యాంటు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, అదే మీకు గుర్తుండిపోతది. ఆయన మెట్లెక్కుతుంటే వెనకాల సందంతా ఎక్కింది. నేను మూకుడు దించి ఎక్కా. ఆ గదిలో మంచం, బీరువా, బల్ల పోగా మిగిలిన చోటులో మొత్తం సందు పట్టింది. మంగలి మంచం కింద పడుకుని విన్నాడు. పిల్లలు బీరువా మీద. అయినా లోపలికి రాలేనోళ్ళు బాల్కనీ కింద నిలబడి, "ఏం జరుగుతోంది?" అని అరుస్తుంటే, బాల్కనీలో ఉన్నోళ్ళు జరిగినదానికి నాలుగు కలిపి కిందికి చెబుతున్నారు.

ప్రొఫెసర్ గారు ఒక కప్పు తీసుకుని తిప్పాడు, మళ్ళీ తిప్పాడు, గోటితో మీటాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, భూతద్దంలోంచి చూశాడు. చూసి, "హ్మ్" అన్నాడు.

మనం 'ఏమో' అనేచోట చదువుకున్నోళ్ళు 'హ్మ్' అంటారు.

"హ్మ్ అంటే అసలా, నకిలీనా?" అన్నాడు గౌదియోజో.

"తొందరపడకూడదు. వెలుతురులో చూడాలి. ఇలాంటివి చాలామంది మోసగాళ్ళు చేశారు."

"మోసగాళ్ళు!" అన్నాడు గౌదియోజో సంబరంగా. బాల్కనీ నుంచి కిందికి, "ఆస్ప్రేనో మోసగాడట!" అని అప్పుడే వెళ్ళిపోయింది వార్త.

ఆస్ప్రేనో గారి మొహం ఆ కప్పు కన్నా తెల్లబడింది. ప్రొఫెసర్ గారు కప్పు బల్ల మీద పెట్టి, మిగతావి చూడ్డానికి బీరువా వైపు తిరిగాడు. తిరుగుతా తిరుగుతా మర్యాదకి ఒక మాటన్నాడు. "మీ ఇంట్లో కాఫీ వాసన బ్రహ్మాండంగా ఉందమ్మా."

అంతే. అదే కొంప ముంచింది.

వంటింట్లో కాండిదమ్మ డికాక్షన్ దిగడానికి తలకిందులుగా పెట్టే మన కాఫీ గిన్నె తిరగేసి, వాసన పోకుండా దాని ముక్కుకి కాగితం టోపీ పెట్టి, పక్క గిన్నెలో నీళ్ళు మరిగిస్తోంది. నీళ్ళెందుకో మీకు నేను చెప్పాలా? మన ఊళ్ళో చుట్టానికి చల్లటి కప్పులో కాఫీ ఇస్తే మొహాన తలుపేసినట్టే. కప్పు నీళ్ళలో కుతకుతా ఉడకాలి. దాన్ని చెమ్చాతో పైకి తియ్యాలి. వేలు కాలాలి, పెదవి కాలాలి, "నీ కప్పు మండా" అని తిట్టుకుంటా తాగాలి. అప్పుడది కాఫీ. లేకపోతే రోగులకిచ్చే కషాయం. కాండిదమ్మ దగ్గరున్న కప్పులన్నీ మూతులు ఊడినవే. రాజుగారి కప్పులు చూడ్డానికొచ్చిన పండితుడికి మూతి ఊడిన కప్పులో ఇస్తుందా ఆ తల్లి? పరువు లేదా? మొగుడు చూస్తే ఏడుపు మొహమేసుకుని బీరువా దగ్గరున్నాడు. బల్ల మీద చూస్తే కప్పుంది. ఎన్నేళ్ళ నుంచో తుడిచిన కప్పు. తీసుకెళ్ళి మరిగే నీళ్ళలో వేసింది.

టప్పుమంది.

ఆ చప్పుడు ఎలాంటిదంటే, వెసూవియస్ కొండ కూడా 'నేను కాదు, నేను కాదు' అన్నట్టు ఒక్క క్షణం పొగ ఆపింది. అందరం వంటింటి వైపు తిరిగాం. కాండిదమ్మ చెమ్చాలో సగం కప్పు, చేతిలో చెమ్చా, నోరు తెరిచి నిలబడింది. సగం గొర్రె ఇటు, సగం గొర్రె అటు.

"చంపేశావే!" అన్నాడు ఆస్ప్రేనో గారు. "రాజుగార్ని చంపేశావే!" అని కిందపడ్డాడు. పడ్డ చప్పుడు కూడా రాలేదు, అంత సన్నం.

కాండిదమ్మ తడబడుతూ, "కాఫీ కదండీ, కప్పు వేడెక్కించకపోతే ఎలా?" అంది. మాలో ఒక్కరం కూడా ఆవిడ తప్పనలేకపోయాం. నిజమే కదా, ఎలా?

అప్పుడు చూడాలి ప్రొఫెసర్ గారిని. ఒక్క గెంతు గెంతి ఆ ముక్కలు చేతిలోకి తీసుకుని, చేతులు కాలుతున్నా వదలకుండా, విరిగిన అంచు భూతద్దంలో చూసి కేకేశాడు. "అసలుది! అసలుదమ్మా ఇది! రాజుగారి కార్ఖానా మట్టి మెత్తటిది, మరిగే నీళ్ళకి ఆగదు. బండి మీద అమ్మే గట్టి సరుకైతే రోజంతా ఉడికినా ఏమీ కాదు. ఇది రాజుగారి కప్పే!"

ఆస్ప్రేనో గారు ఒక కన్ను తెరిచాడు. "ఏమన్నారు?"

"పగిలింది గనక అసలుదంటున్నా."

ఇంకో కన్ను కూడా తెరిచాడు. లేచాడు. కాండిదమ్మ చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. "నా తల్లే, ఎంత బాగా పగలగొట్టావే!" బాల్కనీ నుంచి కిందికి, "పగిలింది! గారు నిలబడింది!" అని వార్త వెళ్ళింది. కింద చప్పట్లు.

ఇక్కడితో ఆగితే అయిపోయేది. ఒక కప్పు పోయేది, పరువు మిగిలేది, ఐదు కప్పులు మిగిలేవి. కానీ గౌదియోజో పేగులమ్మేవాడు, దేన్నీ అంత తొందరగా వదలడు.

"ఒకటి అసలుది సరే" అన్నాడు గోళ్ళు చూసుకుంటా. "మిగతా ఐదూ? తాత ఒకటే కొట్టుకొచ్చాడేమో. పక్కన ఐదు స్టేషన్ సరుకు పెట్టి ఆరని చెప్పుకున్నాడేమో."

"కొట్టుకొచ్చాడా!" అని ఆస్ప్రేనో గారు వణికిపోయాడు.

ప్రొఫెసర్ గారు అడ్డుపడ్డాడు. "అయ్యా, అక్కర్లేదు! ఇప్పుడు నాకు తెలిసింది, మిగతావి చూసి చెప్పేస్తా. కావాలంటే సంతకం పెట్టి కాగితం రాసిస్తా."

"కాగితాలు ఎవడైనా రాయించుకుంటాడు" అన్నాడు గౌదియోజో. "పగుళ్ళు రాయించుకోలేడు."

సందంతా తలూపింది. అన్యాయం చెప్పకూడదు, నేనూ ఊపా. మాట అలా ఉంది మరి.

ఆస్ప్రేనో గారు మెళ్ళో శిలువ పట్టుకుని అటూ ఇటూ చూశాడు. కాసేపు కప్పుల వైపు చూశాడు, కాసేపు మా వైపు. మా మొహాల్లో ఆయనకి 'ఉత్త ఆస్ప్రేనో' అని కనబడినట్టుంది. రెండో కప్పు ఆయనే తీశాడు.

"వద్దయ్యా!" అని ప్రొఫెసర్ గారు మోకాళ్ళ మీద పడ్డాడు. "వీటి విలువ మీకు తెలీదు! ఇలాంటివి లోకంలో ఎన్ని మిగిలాయనుకున్నారు?"

"మీరూరుకోండి సార్" అన్నాడు మంగలి మంచం కిందనుంచి. "ఇది మా సందు పరువు."

ఇద్దరు చేపలోళ్ళు ఆయన్ని మర్యాదగా చేతులు వెనక్కి విరిచి కూర్చోబెట్టారు. కాండిదమ్మ నీళ్ళు ఇంకా కొంచెం పోసి మంట పెంచింది. రెండో కప్పు దిగింది. టప్! చప్పట్లు. మూడోది. టప్! సందులో పిల్లలు డాన్సులు. "ఇదీ అసలుదే! మా తాత దొంగ కాదు!" అని ఆస్ప్రేనో గారు ఏడుస్తా నవ్వుతున్నాడు. నాలుగోది కొంచెం బద్ధకంగా ఉంది. వేస్తే ఉలకలేదు, పలకలేదు.

అప్పుడు పాత్రీచియమ్మ ముందుకొచ్చింది. గుళ్ళో సీసాలో గడ్డకట్టి ఉన్న మన జెన్నారో స్వామి రక్తం పండగనాడు మహిమతో కరగడం ఆలస్యమైనప్పుడు ముందు వరసలో నిలబడి, "పచ్చ మొహమోడా, ఎంతసేపయ్యా, కరిగించవేం?" అని స్వామినే తిట్టే ముసలమ్మల గుంపుంది చూడండి, ఆ గుంపుకి పెద్ద ఆవిడే. స్వాములకే భయపడనిది కప్పుకి భయపడతుందా?

"ఏమే తెల్ల మొహమా!" అంది గిన్నెలోకి వంగి. "రాజుగారి పిల్లనని ఇంత పొగరా? ఇంతమంది నిలబడి చూస్తంటే నీళ్ళలో కూర్చుని సుఖం మరిగావా? పగులు! పగలవే!"

మిగతా ముసలమ్మలు కూడా అందుకున్నారు. "పగులు, గొర్రె మొహందానా!" "నీ లిల్లీ పువ్వు వాడిపోను, పగులు!"

టప్!

"నా తల్లే, నా బంగారమే" అని వెంటనే ముసలమ్మలందరూ ఆ ముక్కలకి ముద్దులు పెట్టుకున్నారు. ప్రొఫెసర్ గారు ఒక్కో టప్పుకీ ఒక్కో కన్నీటి చుక్క కార్చాడు. ఐదోది తిట్లు మొదలవ్వకముందే భయపడి పగిలింది.

మిగిలింది ఆరోది.

ఆస్ప్రేనో గారు దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, లోకంలో ఇంకేం మిగల్లేనట్టు చూశాడు. నిజంగానే ఇంకేం మిగల్లేదు. ఐదు కప్పుల ముక్కలు బల్ల మీద కుప్పగా ఉన్నాయి. దీంతో అయిపోతే, సాయంత్రం నుంచి జీవితాంతం ఆయన గారే. దాన్ని నీళ్ళలోకి జార్చాడు.

ఏమీ అవలేదు.

చూశాం. ఏమీ అవలేదు. ముసలమ్మలు తిట్టారు. ఉన్న తిట్లన్నీ తిట్టారు, కొత్తవి పుట్టించి తిట్టారు. పాత్రీచియమ్మ తిట్టిన ఒక తిట్టుకి గోడ మీద సున్నం పెచ్చు ఊడింది. కప్పుకి చీమ కుట్టలేదు. నీళ్ళలో దర్జాగా అటూ ఇటూ దొర్లుతోంది, వేడినీళ్ళ స్నానానికొచ్చిన లావుపాటి ఇంటాయనలాగా.

"అయ్యయ్యో" అన్నాడు గౌదియోజో, నవ్వు చెవులదాకా సాగదీసి. "పగల్లేదే?"

"ఆగు" అన్నాడు ఆస్ప్రేనో గారు.

"స్టేషన్ సరుకు భలే గట్టిగా ఉంటది."

"కాస్త ఆగరా!"

"ఒకటి నకిలీ అంటే తాత మోసగాడు. తాత మోసగాడంటే మనవడు…" అని మా అందరి వైపు తిరిగి చెయ్యి చాపాడు. "ఏమంటారు? రేపు ముందు బొంగు ఎవరిది?"

బాల్కనీ నుంచి కిందికి వార్త వెళ్ళలేదు. ఆస్ప్రేనో గారు గోడకి ఆనుకున్నాడు. ఇంకొంచెం ఉంటే గోడలో కలిసిపోయేవాడే. "కాండిదా" అన్నాడు చిన్నగా, "ఐదు అసలువి పోయి, ఒక్క నకిలీది మిగిలిందే నాకు."

ఆ గదిలో పని గుర్తున్నది కాండిదమ్మకొక్కదానికే. పొద్దుట్నుంచి ఇంటికొచ్చిన చుట్టం ఇంకా కాఫీ తాగలేదు. చెమ్చాతో ఆ ఆరో కప్పు పైకి తీసింది. పొగలు కక్కుతోంది. కాఫీ పోసింది, గిలక్కొట్టిన చక్కెర నురగ వేసింది. పోసి, ఒక్క క్షణం మొగుడి వైపు చూసి, "నకిలీదేగా" అని, తానే ముందు ఒక గుక్క తాగింది.

సందంతా ఆవిడ మొహం చూసింది.

"ఎలా ఉందమ్మా?" అన్నా నేను.

"ఏముంది" అంది కాండిదమ్మ మూతి తుడుచుకుని. "కాఫీలాగే ఉంది. ఇన్నేళ్ళు దీనికా ఏడ్చింది!"

తీసుకెళ్ళి ప్రొఫెసర్ గారి చేతిలో పెట్టింది. చేపలోళ్ళు ఆయన చేతులు వదిలారు. పాపం, ఏడ్చి ఏడ్చి గొంతు ఎండి ఉన్నాడు, పైగా కాఫీ వద్దంటే మనింట్లో ఎంత అవమానమో ఆయనకీ తెలుసు. "నకిలీదైతే తాగొచ్చులెండి" అని నిట్టూర్చి, వేలు కాలుతుంటే ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, పెదాల దగ్గరికి తెచ్చి, ఉఫ్ మని చల్లగా ఊదాడు.

టప్!

కాడ ఆయన వేళ్ళ మధ్యన మిగిలింది. మిగతా కప్పు మూడు ముక్కలై గాల్లో తిరిగింది. కాఫీ మాత్రం ఎటూ తిరగలేదు. తిన్నగా ఆ లేత పసుపు ప్యాంటు మీద, సరిగ్గా ఎక్కడ పడకూడదో అక్కడే పడింది. కాండిదమ్మ కాఫీ, మరి. శవాన్ని కదిలించిన కాఫీ.

ప్రొఫెసర్ గారు ఒక కేక పెట్టాడు. ఆ కేక పోజ్జువోలి దాకా వినబడిందని చెబుతారు, అక్కడ జాలరులు వలలు తీసుకుని ఒడ్డుకొచ్చేశారట.

"అసలుదీ!" అని సందంతా కేకేసింది.

"కాలిపోయిందీ!" అన్నాడు ఆయన.

"విన్నారా? పండితుడు ఒప్పుకున్నాడు!" అని మంగలి మంచం కిందనుంచి బయటికొచ్చాడు.

"నీళ్ళు! చల్లటి నీళ్ళు!" అని గెంతుతున్నాడాయన. గది మధ్యలో ఆయన గెంతుతుంటే ఆనందంతో గెంతుతున్నాడనుకుని, మేమందరం చుట్టూ చేరి గెంతాం. పాత్రీచియమ్మ ఆయన రెండు చెంపలకీ ముద్దులు పెట్టింది. బాల్కనీ నుంచి కిందికి, "ఆరుకి ఆరూ రాజుగారివే! ప్రొఫెసర్ గారు ప్యాంటు తడుపుకుని మరీ ఒప్పుకున్నాడు!" అని వార్త వెళ్ళింది. ఆ వార్త అలాగే ఈ రోజుకీ తిరుగుతోంది, పాపం ఆయన మళ్ళీ మా పేట వైపు రాలేదు.

గౌదియోజో మాట మాటే. టోపీ తీశాడు. పల్లకి ముందు తల వంచినట్టు వంచి, "తప్పైపోయింది, ఆస్ప్రేనో గారూ" అన్నాడు. 'గారూ' అన్నప్పుడు గొంతులో పేగేదో అడ్డం పడ్డట్టు వినబడింది, అయినా అన్నాడు. ఆస్ప్రేనో గారు కూడా పెద్దమనిషి తరహాలో భుజం తట్టాడు. తట్టడానికి చెయ్యి అందక, కుర్చీ ఎక్కి తట్టాడు.

మర్నాడు ఊరేగింపులో ముందు బొంగుకి ఆయన వేలాడటం ఎన్నడూ అంత బాగా లేదు. కొత్త తొడుగులు, కొత్త టోపీ. లోకంలో రాజుగారి కప్పులు ఆరింటికి ఆరూ అసలువని రుజువు చేసిన మొనగాడు ఇంకెవడున్నాడు? కప్పులు లేవు నిజమే. కానీ రుజువుందిగా! కప్పులైతే పగిలిపోతాయి, రుజువు పగలదుగా. బాల్కనీ మీద కాండిదమ్మ మూతి ఊడిన కప్పులో కాఫీ తాగుతా మొగుడికి చెయ్యి ఊపింది.

తర్వాత ఆదివారం బీరువా తెరిచాడు. ముక్కలన్నీ పట్టుగుడ్డ మీద కుప్పలు కుప్పలుగా, ఏ కప్పు ముక్కలు ఆ కప్పువిగా పేర్చి ఉన్నాయి. పక్క పేటల్నుంచి కూడా జనమొచ్చారు, మెట్ల మీద వరస నా బండిదాకా వచ్చింది. అందరూ టోపీలు తీసి, ఊపిరి బిగబట్టి చూశారు. ఇళ్ళకెళ్ళి తమ కప్పులు కూడా రాజుగారివేమోనని పగిలేదాకా ఉడకబెట్టుకున్నారు. ఆ వారం మా పేటలో సగం మంది గరిటెలతో కాఫీ తాగారు.

ఆ వరసలో చివర, కొవ్వొత్తులమ్మే సెవేరో అని ఒకాయన ఉన్నాడు. ఉడకబెట్టిన రోజున ఆయన ఊళ్ళో లేడు, అది తలుచుకుని తెగ బాధపడ్డాడు. ముక్కల ముందు నిలబడి, చాలాసేపు గెడ్డం గోక్కుని, ఆస్ప్రేనో గారి చెవి దగ్గరికెళ్ళి మా అందరికీ వినబడేలా రహస్యంగా అన్నాడు:

"మంచి జిగురు పెట్టి అతికించి, ఇంకోసారి ఉడకబెడదామండీ. అప్పుడు కూడా పగిలాయనుకోండి, ఇహ ఈ జన్మలో ఎవడూ వేలెత్తి చూపలేడు."